పన్నెండు మిల్లీఆంపులు

మొదటిసారి కుక్కలు పడిన రోజు ఏడు గొర్రెపిల్లలు అక్కడికక్కడే చచ్చాయి. ఎనిమిదోది పొట్ట చీలి, పేగులు దుమ్ములో ఈడ్చుకుంటూ పొద్దుగూకే దాకా బతికింది. మా అక్క దాని తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చివరికి బావ దాన్ని అవతలికి తీసుకుపోయి గొంతు కోశాడు.

రాష్ట్రం వచ్చి అప్పటికి కొన్నేళ్లయింది. జడ్చర్లకు పన్నెండు కిలోమీటర్ల అవతల, పత్తికట్టె పీకేసిన ఒక చేనులో అక్కవాళ్ల మంద పెట్టి ఉంది. మంద నాలుగు రాత్రులు చేనులో నిలిస్తే ఆ పెంట ఎరువవుతుందని రైతులే పిలుచుకుంటారు, బదులుగా ఇన్ని కుంచాల వడ్లు కొలుస్తారు. ఆ నాలుగు రోజులు కాగానే ఇంకో చేను. అలా ఎండాకాలమంతా మంద ఒక చోట, ఇల్లు ఒక చోట ఉంటాయి. పొద్దున తల్లిగొర్రెలు మేతకు పోతాయి. రెండు నెలలు నిండని పిల్లలు వాటి వెంట నడవలేవు కాబట్టి, చుట్టూ ముళ్లకంప వేసిన దొడ్డిలో వాటిని ఆపుతారు. పొద్దంతా ఎవరో ఒకరు కట్టె పట్టుకుని దొడ్డి దగ్గర కూర్చోవాలి. అక్కవాళ్ల ఇంట్లో ఆ పని బావ తల్లిది. నేను ఆమెను అత్తా అని పిలుస్తాను. అప్పటికే ఆమెకు ఒక కన్ను మసక.

హైవే మీద చికెన్ షాపులు, దాబాలు పెరిగాయి. వాటి వెనక పారబోసే పేగులు, ఈకలు తిని కుక్కలు గుంపులు కట్టాయి. ఆ రోజు మిట్టమధ్యాహ్నం వచ్చినవి అయిదు. అత్త ఒకదాని నడుం మీద కొట్టింది. రెండోది వెనక నుంచి వచ్చి ఆమె పిక్క పట్టి కింద పడేసింది. ఆమె అరుస్తూ పాక్కుంటూ కంప మీద పడింది. నేను వెళ్లేసరికి ఆమె కాలికి తువ్వాల చుట్టి ఉంది. తువ్వాల కింద మాంసం చేపముక్కలా విడిపోయి, లోపల తెల్లగా ఎముక కనిపించింది.

దవాఖానలో కుట్లు వేయించి తిరిగి వచ్చాక బావ అన్నాడు: "ఇంకొక్కసారి గిట్లయితే మందంత అమ్మేస్త. కంపెనీల వాచ్‌మెన్ పనికి పోత. నెలకు జీతమొస్తది, కుక్కల బాధ ఉండది."

"ఎవరి మంద ఎవరు అమ్ముతరు?" అంది అక్క. "మా బాపు నా పెండ్లికి రెండు గొర్రెలిచ్చిండు. గిప్పుడు నలభై ఆరున్నయి. గీ నలభై ఆరిట్ల నువ్వు తెచ్చిందొక్కటి చూపియ్యి, దాన్ని అమ్ముకపో."

"మరి కాయి. నువ్వే కుక్కలను కాయి, గొర్లను కాయి, ముసలామెను కాయి."

ముప్పై నాలుగు పిల్లల్లో ఎనిమిది పోగా ఇరవై ఆరు మిగిలాయి. వాటిని బతికించుకుంటే మంద అక్కది, లేకపోతే లేదు. ఇది మా ముగ్గురికీ తెలుసు.

నా సంగతి కొంచెం చెప్పాలి. నేను ఏడో తరగతిలో బడి మానేశాను. జడ్చర్లలో మోటార్లకు వైండింగ్ చుట్టే షాపులో చేరి, రాగితీగ ఎన్ని చుట్లు చుట్టాలో లెక్కపెట్టడంతో మొదలుపెట్టాను. తర్వాత ఆ షాపే నాదయింది. చుట్లు ఒకటి తక్కువైనా మోటారు వేడెక్కుతుంది కాబట్టి లెక్క నాకు అలవాటు కాదు, భయం. కంపెనీలు పాత మిషన్లు పాతసామాన్లవాడికి అమ్మినప్పుడు, వాటిలోని చిన్న కంప్యూటరు పలకలు, అంటే బోర్డులు, నేను కిలోల లెక్కన కొని ఇంటికి తెచ్చేవాణ్ని. నాలుగైదేళ్లు వాటితో కొట్లాడి, ఇంటర్నెట్‌లో ఒక్కో ఇంగ్లీషు మాటకు అర్థం వెతుక్కుంటూ, వాటిని నడిపించడం నేర్చుకున్నాను. ఎవరి దగ్గరా సర్టిఫికెట్ తీసుకోలేదు.

అలాంటి పలక ఒకటి, ఒకప్పుడు గోడకు తగిలించి వేలిముద్రలతో హాజరు తీసుకున్న మిషన్‌ది, నా దగ్గర ఉంది. దానితో కుక్కలను తరిమే డబ్బా చేస్తానని అక్కకు మాటిచ్చాను. దొడ్డి కంప చుట్టూ చేపల గాలానికి కట్టే సన్నని తీగ లాగి, దాని కొనను ఒక స్విచ్చికి కడతాను. కుక్క కంపలోకి తల దూర్చగానే తీగ లాగుతుంది, స్విచ్చి నొక్కుకుంటుంది, డబ్బా అరుస్తుంది, అక్క ఫోనుకు కాల్ పోతుంది.

"గాదానికి కంపూటరెందుకురా? ఒక గంట కడ్తె సాలదా?" అంది అత్త, కాలు చాపుకుని కూర్చుని.

గంట మూడు రోజులే పనిచేస్తుంది. నాలుగో రోజు నుంచి కుక్కలు గంట కిందే పడుకుంటాయి. ఒకే చప్పుడుకు అవి అలవాటు పడతాయి. అందుకే డబ్బాలో ఇరవై రకాల అరుపులు పెట్టాలనుకున్నాను. బావ ఈల, పటాకుల మోత, తప్పెట, రేకుడబ్బా దెబ్బ, అన్నిటికంటే ఎక్కువగా అత్త గొంతు. ఆమె ముందు ఫోను పెట్టి, కుక్కలు వచ్చాయనుకుని తిట్టమన్నాను.

"ఉత్తగనే ఎట్ల తిడ్తరురా? ఎదురుంగ ఎవడన్న ఉండాలె."

"నన్ను తిట్టు."

ఆమె ఊపిరి పీల్చుకుంది. "హో! హచా! మీ నోట్ల మన్నువడ! మీ బొక్కలిరగ! మీ పేగులు గద్దలెత్తుకపోను! రా ముండకొడకా, రా, నీ తలకాయ పలగ్గొడత!" అని దమ్ము లేకుండా ఒక నిమిషం పది సెకన్లు తిట్టింది. ఆపి, "సాలా, ఇంక కావాల్నా? నీకైతే చాన ఉన్నయి," అంది. అక్క కడుపు పట్టుకుని నవ్వింది. ఆ నెలలో ఆమె నవ్వగా చూసింది ఆ ఒక్కసారే.

డబ్బా తయారుచేయడానికి పన్నెండు రోజులు పట్టింది. అత్త కాలు మానలేదు కాబట్టి ఆ పన్నెండు రోజులూ అక్క దొడ్డి దగ్గరే కూర్చోవలసి వచ్చింది. నలభై ఆరు గొర్రెలను బావ ఒక్కడే మేపాడు. పంటలు నిలిచి ఉన్న చేన్ల నడుమ గొర్రెలకు ముందొకరు, వెనకొకరు ఉండాలి. ఒక్కడు సరిపోడు. మూడుసార్లు గొర్రెలు వేరుశనగలో పడ్డాయి. మూడోసారి ఆ చేను రైతు బావ చెంప పగలగొట్టాడు, బావ ముక్కు నుంచి రక్తం కారింది. డబ్బా వస్తే తప్ప అక్క లేచి మంద వెంట పోలేదు. అంటే నా పని మీదే అంతా ఆగింది.

ఆగింది కరెంటు దగ్గర. చేనులో కరెంటు ఉండదు. సూర్యుడి కరెంటు పలక పెడితే మూడో రోజే ఎవడో ఎత్తుకుపోయాడు. మిగిలింది స్కూటీలో పెట్టేంత బ్యాటరీ ఒకటి. అది ఏడు ఆంపియర్ గంటలదని రాసి ఉంటుంది, నమ్మదగింది అయిదు. నా పలక మేలుకుని ఉంటే నాలుగు వందల యాభై మిల్లీఆంపులు తింటుంది. అయిదు వేలను నాలుగు వందల యాభైతో భాగిస్తే పదకొండు గంటలు. రోజుకు పది గంటల కాపలా అనుకుంటే ఒక్క రోజుకే బ్యాటరీ అయిపోతుంది. నేను వెళ్లి బ్యాటరీ మార్చగలిగేది ఆదివారం మాత్రమే. ఒక రోజు ఆలస్యమైనా నిలవాలంటే ఎనభై గంటలు రావాలి. అంటే పలక అరవై రెండు మిల్లీఆంపులకు మించి తినకూడదు.

కుక్క వచ్చేది ఏ వారానికో ఒకసారి. అది వచ్చేదాకా పలక నిద్రపోవాలి, తీగ లాగగానే లేవాలి. కంప్యూటరులో అన్ని ప్రోగ్రాముల కింద కూర్చుని, ఇనుమును పట్టుకుని నడిపించే పెద్ద ప్రోగ్రామును కెర్నల్ అంటారు. నిద్రపుచ్చడం, లేపడం దాని చేతిలో ఉంటాయి. ఆ మిషన్ చేసినవాళ్లు దాన్ని ఎప్పుడూ గోడ ప్లగ్గుకే పెడతామనుకున్నారేమో, కెర్నల్ కట్టేటప్పుడు నిద్ర సంగతే ఎత్తలేదు. కాబట్టి నేను మొత్తం కెర్నల్‌ను మళ్లీ కట్టాలి. కట్టేముందు ఏమేమి ఉండాలో అడుగుతూ వేల వరుసల జాబితా వస్తుంది. అందులో పవర్ మేనేజ్‌మెంట్ సపోర్ట్ అని ఒక వరుస ఉంది, దాని ముందు గడి ఖాళీగా ఉంది. నేను అక్కడ చుక్కగుర్తు పెట్టాను. వెంటనే దాని కింద ఇంకో పదకొండు వరుసలు తెరుచుకున్నాయి.

నా పాత కంప్యూటరు మీద ఒకసారి కట్టడానికి నాలుగు గంటల పది నిమిషాలు పట్టేది. మొదటి మూడుసార్లు పలక హాయిగా నిద్రపోయింది, మళ్లీ లేవలేదు. ఏ తీగ పిలిస్తే లేవాలో కూడా విడిగా చెప్పాలని నాలుగోసారి తెలిసింది. చెప్పాను. నిద్రలో అది ఏం చేస్తుందో చూడటానికి, పలక నుంచి నా కంప్యూటరుకు ఒక కేబుల్ పెట్టి, ఆ కేబుల్ దారిని మాత్రం నిద్రపోనివ్వకుండా ఉంచాను. ఏం తప్పు జరిగినా దాని మీదే అక్షరాలు వస్తాయి. అయిదోసారి అంతా కుదిరింది. గాలం తీగ లాగాను, పలక లేచి అత్త గొంతుతో నన్ను తిట్టింది. మీటరు పెట్టి కొలిచాను, నిద్రలో నలభై ఒకటి. పన్నెండు రోజులు నిలుస్తుంది. కావలసింది ఎనిమిదే.

దాన్ని చేనులో పెట్టిన మూడు వారాల్లో కుక్కలు రెండుసార్లు వచ్చాయి. రెండుసార్లూ డబ్బా లేచింది. రెండోసారి నేను దూరంగా గట్టు మీద ఉండి కళ్లతో చూశాను. ఎర్ర కుక్క ఒకటి కంపలో భుజాల దాకా దూరింది. ఎక్కడా మనిషి లేని చేనులో అత్త గొంతు ఒక్కసారిగా "నీ బొక్కలిరగ!" అనడంతో అది వెనక్కి గుంజుకుంది. ముల్లు దిగి దాని కన్ను చితికింది. అరుచుకుంటూ, తల నేలకు రాసుకుంటూ, గుండ్రంగా తిరిగి తిరిగి పోయింది. అక్క దూరం నుంచి పరుగెత్తుకొచ్చి పిల్లలను లెక్కపెట్టింది. ఇరవై ఆరు. బావ నా భుజం మీద చెయ్యి వేసి, "సదువుకోకున్నా సదువుకున్నోని పని చేసినవ్ బామ్మర్ది," అన్నాడు. వాచ్‌మెన్ మాట మళ్లీ ఎత్తలేదు. ఇక అక్క రోజూ పొద్దున డబ్బా చాలు చేసి, అంటే ఆన్ చేసి, నిశ్చింతగా మంద వెంట పోయేది.

అక్కడ ఆగితే అయిపోయేది.

ఒక ఆదివారం బ్యాటరీ మార్చడానికి వెళ్లి, డబ్బానూ షాపుకు తెచ్చాను. ఆ నలభై ఒకటి నాకు మింగుడు పడలేదు. కేబుల్ దారిని మేలుకుని ఉంచినందుకు కొంత పోతోందని తెలుసు. చేనులో కేబుల్ లేదు, ఆ అక్షరాలు చదివేవాడు లేడు. ఆ దారి ఎందుకు? దాన్ని కూడా నిద్రపుచ్చి కెర్నల్ మళ్లీ కట్టాను. మీటరు ఇరవై తొమ్మిది చూపించింది. పన్నెండు మిల్లీఆంపులు మిగిలాయి. పన్నెండు రోజులది పదిహేడు రోజులయింది. ఆ అయిదు రోజులతో అక్కకు గానీ నాకు గానీ ఏ పనీ లేదు. ఆదివారం నేను ఎలాగూ పోతాను. కానీ ముప్పైకి దిగువన ఉన్న ఆ అంకెను చూసి నేను టీ తాగడానికి బయటికి పోయి, టీ చెప్పడం మర్చిపోయి తిరిగొచ్చాను, అంత సంతోషం.

లేస్తుందో లేదో చూడాలి కదా. గాలం తీగ, స్విచ్చి చేనులోనే ఉన్నాయి. డబ్బా పక్కన చిన్న బటన్ ఉంది, అదీ లేపుతుంది. నొక్కాను. లేచి అరిచింది. ఒకసారి కాదు, పదిసార్లు నొక్కాను, పదిసార్లూ లేచింది. నిద్ర నుంచి లేవడం లేవడమేగా అనుకున్నాను. సాయంత్రం తీసుకుపోయి దొడ్డికి కట్టి, తీగ తగిలించి, చీకటి పడుతోందని తిరిగొచ్చాను. తీగ ఒక్కసారి లాగి చూడలేదు. ఒక్కసారి.

మంగళవారం ఒంటిగంటకు నా ఫోను మోగింది. అక్క నుంచి. మాటలు లేవు, రొప్పు మాత్రమే వినిపించింది. వెనక బావ కేకలు.

ఇరవై రెండు నిమిషాల్లో చేను చేరాను. దొడ్డి ఒక పక్క కంప తొక్కుకుపోయి నేలకు అంటుకుని ఉంది. లోపల నేల కనపడలేదు. పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. కొన్నిటికి మెడ మీద రెండు పంటిగాట్లు తప్ప ఏమీ లేదు, నిద్రపోయినట్టున్నాయి. కొన్నిటికి తొడ లేదు. ఒకదాని తల కంపకు తగులుకుని వేలాడుతోంది, ఒళ్లు అవతల ఉంది. కుక్కలు తినడానికి చంపినట్టు లేదు, చంపడానికే చంపినట్టుంది. మూలన మూడు పిల్లలు ఒకదాని కింద ఒకటి తలలు దూర్చుకుని వణుకుతున్నాయి. ఇరవై మూడు చచ్చాయి. లెక్కపెట్టకుండా ఉండలేకపోయాను.

అక్క దొడ్డి బయట నేల మీద కూర్చుని ఉంది. బావ ఆమె ఎదురుగా నిలబడి ఉన్నాడు, చేతిలో మంద తోలే కట్టె. మంద దూరంగా గుట్ట పక్కన, ఎవరి కాపలా లేకుండా నిలబడి ఉంది. పక్క చేను మనుషులు నలుగురు కంప అవతల నిలబడి చూస్తున్నారు.

"డబ్బ చాలు చేసినవా, లేదా?" అన్నాడు బావ.

"చేసిన."

"చేస్తే ఎందుకు మొత్తుకోలే?"

"నాకేమెర్క? చేసిన. పచ్చలైటు గిట్ల కొట్టుకుంటాంటె చూసే పోయిన."

నేను డబ్బా దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాను. పచ్చ లైటు నిదానంగా కొట్టుకుంటోంది. అంటే నిద్రలో ఉంది. గాలం తీగ తెగిపోయేంతగా లాగి ఉంది, స్విచ్చి పూర్తిగా నొక్కుకుని ఉంది. తీగ పిలిచింది, డబ్బా వినలేదు. ఏం చేయాలో తోచక, వేలితో బటన్ నొక్కాను.

"హో! హచా! మీ నోట్ల మన్నువడ!" అని అత్త గొంతు చచ్చిన పిల్లల మీద అరిచింది.

బావ నా వైపు చూశాడు, తర్వాత అక్క వైపు. "అగో. మంచిగనే ఉన్నది. నువ్వు చాలు చెయ్యలే. ఇప్పుడు మావోడు చాలు చేసిండు, మొత్తుకుంటాంది," అని కట్టె ఎత్తాడు.

మొదటి దెబ్బ ఆమె భుజం మీద పడింది. రెండోది వీపు మీద. రెండో దెబ్బకు నాకు అర్థమయింది. బటన్ దారి వేరు, స్విచ్చి దారి వేరు. స్విచ్చి తీగ వచ్చే భాగమూ కేబుల్ భాగమూ లోపల ఒకే చోటి నుంచి కరెంటు తీసుకుంటాయి. కేబుల్ దారి మేలుకుని ఉన్నన్నాళ్లు దాని పుణ్యాన స్విచ్చి దారీ మేలుకుంది. నేను దాన్ని నిద్రపుచ్చాను, దాంతో ఇదీ పోయింది. డబ్బా ఇంకా అరుస్తోంది. మూడో దెబ్బ చేతుల మీద పడింది, ఆమె చేతులు అడ్డం పెట్టుకుంది. గాజులు పగిలాయి. నాకు అంతా తెలుసు, నోరు రాలేదు. రాలేదని రాస్తున్నాను కానీ, నేను తేలేదు. నాలుగో దెబ్బ చెవి పక్కన పడింది, రక్తం వచ్చింది.

"బావా, అక్క చాలు చేసింది," అన్నాను. "తప్పు నాది. ఆదివారం నాడు నేను లోపల మార్చిన. తీగ లాగితే లేవకుండ చేసిన. నాకు తెల్వక చేసిన."

"ఏం మార్చినవ్?"

"బ్యాటరీ ఇంక అయిదు దినాలు ఎక్కువ రావాల్నని..."

"బ్యాటరీ సాల్తలేదని మేం నీకు చెప్పినమా?"

"లేదు."

"మరి?"

బావ కట్టె నా మీదికి తిరిగింది. ఎడమ చెయ్యి అడ్డం పెట్టాను. మోచేతి కింద ఎముక విరిగిన చప్పుడు నాకే వినిపించింది, ఎండిన కందికట్టె విరిచినట్టు. పడిపోయాక పక్కటెముకల మీద తన్నాడు. పక్క చేనువాళ్లు వచ్చి అతన్ని పట్టుకున్నారు. అక్క లేవలేదు, వద్దనలేదు. చెవి దగ్గర కొంగు అదుముకుని నన్నే చూస్తూ కూర్చుంది. బావ వాళ్లను విదిలించుకుని ఒక బండరాయి ఎత్తి డబ్బా మీద వేశాడు. మూడోసారికి అత్త గొంతు ఆగింది.

పగ పట్టిన మనిషి అంతటితో ఆగడు. రక్తం వాసనకు గంట తిరగక ముందే కుక్కలు మళ్లీ వచ్చాయి, తొమ్మిది. ఈసారి మనుషులం ఆరుగురం. బతికిన మూడు పిల్లలను అవతలికి తీసి, దాక్కుని, కుక్కలను దొడ్డిలోకి పోనిచ్చి, తొక్కుకుపోయిన పక్కకు కంప ఈడ్చి దారి మూశాం. తర్వాత జరిగింది వేట కాదు, అంతకంటే నీచం. కట్టెలతో, పారతో, రాళ్లతో. కొన్ని కంప మీదుగా దూకి తప్పించుకున్నాయి, నాలుగు చిక్కాయి. ఒకటి ముళ్లలో ఇరుక్కుని నా వైపు పళ్లు చూపించింది. దానికి ఒక కన్ను లేదు. నేను విరిగిన చెయ్యి పొట్టకు అదుముకుని, కుడిచేత్తో రాయి తీసుకుని దాని తల మీద కొట్టాను. ఒక్క దెబ్బకు చావలేదు. ఆరో దెబ్బకు చచ్చింది. అప్పుడు నాకు కలిగింది జాలి కాదు, దుఃఖం కాదు. హాయి. ఇప్పటికీ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

సాయంత్రం మంద తిరిగొచ్చింది. తల్లిగొర్రెలు పొదుగులు బిగిసి, దొడ్డి చుట్టూ అరుస్తూ తిరిగాయి. ప్రతి తల్లీ తన పిల్లను వాసన చూసి పట్టుకుంటుంది. చచ్చిన పిల్లలను బావ అప్పటికే గోతిలో వేశాడు. గొర్రెలు నేలను వాసన చూస్తూ, మట్టిని కాలితో గీరుతూ అరిచాయి. పాలు పిండకపోతే పొదుగు గడ్డకట్టి చీము పడుతుంది. అక్క వాపెక్కిన చేతులతో ఒక్కోదాన్ని పట్టుకుని పాలు నేల మీదికే పిండింది. నేను సాయానికి పోతే, "నువ్వు పో. చెయ్యికి కట్టు కట్టించుకో," అంది, నా మొహం చూడకుండా.

బావ మందను అమ్మడానికి బేరగాడిని తీసుకొచ్చాడు. అక్క దొడ్డి వాకిట్లో అడ్డం నిలబడింది. "నేను చెయ్యని తప్పుకు నన్ను గొడ్డును బాదినట్టు బాదినవ్. ఆ దెబ్బలు నువ్వు మర్ల వాపసు తీసుకుంటవా? మంద మీద చెయ్యెయ్యి, జూస్త," అంది. చెవి పక్కన నాలుగు కుట్లు ఉన్నాయి. బేరగాడు మొగుడిని, పెళ్లాన్ని చూసి, టీ తాగొస్తానని పోయి మళ్లీ రాలేదు. చివరికి ఇరవై గొర్రెలు అమ్ముడుపోయాయి, ఇరవై ఆరు నిలిచాయి. బావ జడ్చర్ల దగ్గరి ఒక కంపెనీలో వాచ్‌మెన్‌గా చేరాడు. అత్త కుంటుతూనే కట్టె పట్టుకుని మూడు పిల్లల దగ్గర కూర్చుంది. ఆదివారాలు ఆమెకు సెలవిచ్చి నేను కూర్చున్నాను. డబ్బా మళ్లీ చేస్తానని నేను అనలేదు, చేయమని ఎవరూ అడగలేదు.

అక్క నాతో మాట్లాడక నాలుగు నెలలు గడిచాయి. అన్నం పెట్టేది, కట్టె చేతికిచ్చేది, అంతే.

వానలు పడ్డాక గొర్రెలకు, కడుపులో పురుగులు పోవడానికి, నట్టల మందు తాగించాలి. నా చెయ్యి అప్పటికి కుదిరింది, వేళ్లు మాత్రం పూర్తిగా ముడవరావు. అక్క గొర్రె దవడ పట్టి నోరు తెరిస్తే, నేను సిరంజిలో మందు కొలిచి గొంతులో పోస్తున్నాను. దాని బరువు చూసి ఎంత పోయాలో నేనే చెప్పాలి. పదకొండో గొర్రె దగ్గర అక్క దవడ వదలకుండా అడిగింది:

"ఆ దినం నీకెప్పుడు ఎర్కయింది, తప్పు నీదని?"

అబద్ధం ఆడవచ్చు. "రెండో దెబ్బకు," అన్నాను.

"ఎన్నిటికి చెప్పినవ్?"

"నాలుగిటికి."

గొర్రె తల గుంజుకుంది. అక్క దాన్ని మోకాలితో అదిమింది.

"నాలుగు గాదు," అంది. "అయిదు. నువ్వు రాకముందు ఒకటి కొట్టిండు, పొట్టల."

మందు నా వేళ్ల మీదుగా కారిపోతోంది.

"మందు పొయ్యి," అంది. "ఇంక పదిహేనున్నయి."